సగటు చెప్పని సంగతులు

పరీక్ష పేపర్లు దిద్ది ఇచ్చే రోజున తరగతి గదిలో ఎంత సందడిగా ఉంటుందో మీకు తెలుసు. "నీకెన్ని?", "నాకంటే ఎక్కువా, తక్కువా?" అనే మాటలే అన్ని బెంచీలనుంచీ వినిపిస్తాయి. ఎవరో ఒకరు లేచి, "క్లాసు ఫస్టు ఎవరండీ మాస్టారూ?" అని అడుగుతారు. తరగతి మొత్తానికి మార్కులు ఎలా వచ్చాయని అడిగేవారు మాత్రం అరుదు. ఒకవేళ అడిగినా, మేము ఉపాధ్యాయులం సాధారణంగా ఒకే ఒక్క అంకె చెప్పి ఊరుకుంటాం. అదే సగటు.

ఆ ఒక్క అంకెను నమ్మి నేను ఒకసారి పొరబడ్డాను. ఆ పొరబాటును నాకు చూపించినది ఒక చిన్న పట్టిక. కాగితం, పెన్సిలు ఉంటే ఆ పట్టికను మీరూ పావుగంటలో తయారు చేయగలరు. ఎలాగో చూద్దాం.

రెండు సెక్షన్లు, ఒకే సగటు

నేను ఉద్యోగంలో చేరిన తొలి సంవత్సరాలలో ఒక ఉన్నత పాఠశాలలో ఎనిమిదో తరగతి ఎ, బి సెక్షన్లకు భౌతిక శాస్త్రం చెప్పేవాణ్ణి. ఒక్కొక్క సెక్షన్లో 40 మంది. త్రైమాసిక పరీక్ష 50 మార్కులకు జరిగింది. 18 వస్తే పాసు. పేపర్లు దిద్ది మార్కులు కూడితే రెండు సెక్షన్లలోనూ మొత్తం 1080 వచ్చింది. 40తో భాగిస్తే సగటు 27. (లెక్క మీకు సులభంగా ఉండేందుకు ఇక్కడ అంకెలను కొద్దిగా సవరించాను. జరిగిన సంగతి మాత్రం ఇదే.)

"రెండు సెక్షన్లూ సమానం. పాఠాలు అందరికీ ఓ మోస్తరుగా అర్థమయ్యాయి" అని రాసుకుని తరువాతి పాఠం మొదలుపెట్టబోయాను. స్టాఫ్ రూములో నా పక్కన కూర్చునే లెక్కల మాస్టారు వయసులో పెద్దవారు. నా కాగితం చూసి, "సగటు బాగానే ఉందయ్యా, పట్టిక ఏదీ?" అన్నారు. నేను బి సెక్షన్ మార్కుల జాబితా ఆయన ముందు పెట్టాను. రోల్ నంబర్ల వరుసలో ఆ మార్కులు ఇవి:

38, 13, 41, 16, 36, 9, 33, 12, 44, 19
14, 37, 7, 40, 21, 34, 11, 38, 46, 17
36, 15, 42, 12, 39, 20, 32, 8, 37, 27
13, 41, 18, 38, 23, 33, 14, 47, 16, 43

ఈ అంకెలను ఒక నిమిషం చూడండి. ఏమైనా తెలుస్తోందా? నాకూ తెలియలేదు. సంతలో ధాన్యం, పప్పులు, మిరపకాయలు ఒకే కుప్పగా పోసినట్టున్నాయి. ముందు వాటిని వేరు చేసి పోయాలి.

పట్టిక వేసే పద్ధతి

మొదట అన్నిటికంటే పెద్ద అంకె, అన్నిటికంటే చిన్న అంకె వెతకాలి. ఇక్కడ పెద్దది 47, చిన్నది 7. వాటి తేడా 40. దీనిని 'వ్యాప్తి' అంటారు.

రెండవ పని, ఈ వ్యాప్తిని సమానమైన చిన్న భాగాలుగా విభజించడం. ఈ భాగాలను 'తరగతులు' అంటారు. ఇవి మీరు చదివే ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వంటివి కావు. అంకెలకు మనం కట్టే గదులు. మనం అయిదేసి మార్కులకు ఒక గది కడదాం: 6–10, 11–15, 16–20, ఇలా 46–50 వరకు. మొత్తం తొమ్మిది గదులు. ఒక జాగ్రత్త తీసుకోవాలి. 10–15, 15–20 అని రాస్తే 15 మార్కులు వచ్చినవారిని ఏ గదిలో కూర్చోబెట్టాలి? ప్రతి అంకెకూ ఒకే ఒక గది ఉండాలి. గది లేని అంకె మిగలకూడదు.

మూడవ పని, జాబితాలో మొదటి అంకె నుంచి వరుసగా చదువుతూ, ఒక్కొక్క అంకెకు దాని గదిలో ఒక నిలువు గీత గీయడం. నాలుగు గీతలయ్యాక అయిదవ గీతను ఆ నాలుగింటి మీదుగా అడ్డంగా గీయాలి. అప్పుడు అయిదుకు ఒక కట్ట అవుతుంది. లెక్కపెట్టడం సులభం, తప్పు పోదు. వీటిని 'గణన చిహ్నాలు' అంటారు. (అచ్చులో వీలుకాదు కనుక అడ్డగీతను ఇక్కడ / గుర్తుతో చూపించాం.)

పట్టిక 1: బి సెక్షన్

మార్కులు : గణన చిహ్నాలు : విద్యార్థులు
6–10 : ||| : 3
11–15 : ||||/ ||| : 8
16–20 : ||||/ | : 6
21–25 : || : 2
26–30 : | : 1
31–35 : |||| : 4
36–40 : ||||/ |||| : 9
41–45 : ||||/ : 5
46–50 : || : 2
మొత్తం : 40

చివరి వరుసలోని అంకెల పేరు 'పౌనఃపున్యం'. పలకడానికి కష్టంగా ఉన్నా అర్థం తేలికే. పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ. ఒక గదిలోని అంకెలు ఎన్ని సార్లు మళ్ళీ మళ్ళీ వచ్చాయో చెప్పేదే పౌనఃపున్యం. ఈ పట్టికను 'పౌనఃపున్య విభాజన పట్టిక' అంటారు. అన్ని పౌనఃపున్యాలనూ కూడితే విద్యార్థుల సంఖ్య రావాలి. 39 గానీ 41 గానీ వస్తే ఎక్కడో ఒక గీత తప్పిందన్న మాట. మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టవలసిందే!

పట్టిక ఏమి చెప్పింది?

ఇప్పుడు పట్టికను పైనుంచి కిందికి చూడండి. 3, 8, 6 అని ఒక గుట్ట లేచింది. తరువాత 2, 1 అని పల్లం. మళ్ళీ 4, 9, 5, 2 అని ఇంకొక గుట్ట. సెక్షన్ సగటు 27 కదా! 27 మార్కులు వచ్చిన విద్యార్థి ఎందరో చూడండి. ఒక్కడు! 26–30 గదిలో ఉన్నదే ఆ ఒక్కడు. అంటే నేను 'ఓ మోస్తరు విద్యార్థి' అని మనసులో ఊహించుకుని పాఠం చెబుతున్న పిల్లవాడు ఆ గదిలో ఒక్కడే ఉన్నాడు. మిగిలిన వారిలో సగం మందికి నా పాఠం అందనే లేదు.

ఎ సెక్షన్ పట్టిక ఎలా వచ్చిందో చూడండి.

పట్టిక 2: ఎ సెక్షన్

11–15 : 2
16–20 : 5
21–25 : 9
26–30 : 12
31–35 : 7
36–40 : 4
41–45 : 1
మొత్తం : 40

ఇక్కడ ఒకే గుట్ట. దాని శిఖరం 26–30 దగ్గర, అంటే సగటు ఉన్న చోటనే. ఈ సెక్షన్ గురించి 27 అనే అంకె నిజమే చెప్పింది. బి సెక్షన్ గురించి అదే అంకె ఏమీ చెప్పలేదు. ఒక కాలు మరుగునీళ్ళలో, ఇంకొక కాలు మంచుగడ్డ మీద పెట్టినవాడికి సగటున హాయిగా ఉందని చెప్పినట్టయింది!

గదుల వెడల్పు

అన్ని పట్టికలూ ఇలా నిజం చెబుతాయా అంటే, అది మనం కట్టే గదులను బట్టి ఉంటుంది. బి సెక్షన్‌కే రెండు పెద్ద గదులు కట్టామనుకోండి. 1–25లో 19 మంది, 26–50లో 21 మంది వస్తారు. గుట్టలు, పల్లాలు అన్నీ మాయం! ఒక్కొక్క మార్కుకు ఒక్కొక్క గది కడితే ఏడు నుంచి నలభై ఏడు వరకు 41 గదులు కావాలి. చాలా గదుల్లో ఒకరో ఇద్దరో ఉంటారు, కొన్ని ఖాళీగా పడి ఉంటాయి. అప్పుడు పట్టికకూ, మొదటి జాబితాకూ పెద్ద తేడా ఉండదు. గదులు మరీ పెద్దవైతే విషయం దాగిపోతుంది, మరీ చిన్నవైతే చెదిరిపోతుంది. ఒక తరగతి మార్కులకు అయిదు మొదలు పది వరకు గదులుంటే సాధారణంగా సరిపోతుంది.

ఇంకొక చిక్కు కూడా చూడండి. పాసు మార్కు 18. అది 16–20 గది మధ్యలో పడింది. ఆ గదిలోని ఆరుగురిలో ముగ్గురు పాసయ్యారు, ముగ్గురు కాలేదు. ఆ సంగతి పట్టికలో కనిపించదు. పట్టిక కొంత చూపిస్తుంది, కొంత వదిలేస్తుంది. అందుకే పట్టిక వేశాక మొదటి జాబితాను పారేయకూడదు.

వదిలేసినది ఎంతో తెలుసుకోవాలంటే పట్టికనుంచే సగటు కట్టి చూడండి. ఒక్కొక్క గది మధ్య విలువను (8, 13, 18... 48) దాని పౌనఃపున్యంతో హెచ్చవేసి అన్నిటినీ కూడితే 1095 వస్తుంది. 40తో భాగిస్తే దాదాపు 27.4. అసలు సగటు 27. గదిలోని వారందరికీ మధ్య మార్కే వచ్చిందని అనుకున్నందువల్ల ఈ కొద్ది తేడా వచ్చింది.

కింది నుంచి కూడుతూ వస్తే

పట్టికలో పౌనఃపున్యాలను ఒకదానికి ఒకటి కలుపుతూ పోతే ఇంకొక వరుస వస్తుంది: 3, 11, 17, 19, 20, 24, 33, 38, 40. దీనిని 'సంచిత పౌనఃపున్యం' అంటారు. 20 మార్కులు గానీ అంతకు తక్కువ గానీ వచ్చినవారు ఎందరు? మూడవ అంకె చూడండి: 17 మంది. 30 దాటినవారు ఎందరు? 40 నుంచి 20 తీసేస్తే మిగిలిన 20 మంది. నలభై కాగితాలు మళ్ళీ తిరగేయకుండా జవాబు దొరికింది.

పాత కథ, మన కథ

లెక్కలను ఇలా గదుల్లో పోసి చూడడం కొత్త పని కాదు. లండన్‌లో జాన్ గ్రాంట్ అనే వర్తకుడు, ఆ నగరంలో వారం వారం అచ్చయ్యే మరణాల జాబితాలను పోగుచేసి 1662లో ఒక పుస్తకం ప్రచురించాడు. పుట్టిన ప్రతి 100 మందిలో 36 మంది ఆరేళ్ళు నిండకముందే చనిపోతున్నారని అందులో అంచనా వేశాడు. జాబితాలు అందరూ చూసినవే. వాటిని పట్టికగా మార్చాకనే, ఎంతమంది పసిపిల్లలు పోతున్నారో కళ్ళకు కట్టింది.

మన దేశంలో ఈ శాస్త్రానికి పునాది వేసినవారు ప్రశాంత చంద్ర మహలనోబిస్. భౌతిక శాస్త్రం చదవడానికి కేంబ్రిడ్జి వెళ్ళిన ఆయనకు అక్కడ 'బయోమెట్రికా' అనే పత్రిక సంపుటాలు కంటబడ్డాయి. వాటిని కొని, తిరుగు ప్రయాణంలో ఓడ మీద చదువుకుంటూ వచ్చారు. ఆయన చేసిన తొలి పనుల్లో ఒకటి ఏమిటో తెలుసా? 1917లో ఆచార్య బ్రజేంద్రనాథ్ శీల్ కోరిక మీద కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను విశ్లేషించడం! పరీక్ష మార్కుల మీద ఆసక్తి చూపిన ఆయనే 1931లో భారత గణాంక సంస్థను స్థాపించారు. ఆయన పుట్టిన జూన్ 29ని 2007 నుంచి మన దేశంలో గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి. ఆర్. రావు ఆ సంస్థలోనే పనిచేసి ప్రపంచ ప్రసిద్ధులయ్యారు. ఆయన 2023లో, 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

రెండు గుట్టలు ఎందుకు వచ్చాయి?

మళ్ళీ మా బి సెక్షన్‌కు వద్దాం. రెండు గుట్టలున్నాయని పట్టిక చెప్పింది. ఎందుకున్నాయో మాత్రం చెప్పలేదు. లెక్కల మాస్టారు, "హాజరు పట్టీ తెచ్చి చూడు" అన్నారు. చూస్తే, జూలై, ఆగస్టు నెలల్లో చాలామందికి వరుసగా గైర్హాజరు పడి ఉంది. అవి వరినాట్ల రోజులు. బి సెక్షన్లో దాదాపు సగం మంది కాలవ అవతలి ఊళ్ళనుంచి నడిచి వచ్చే పిల్లలు. తల్లిదండ్రులతోపాటు నాట్లకు వెళ్ళేవారు కొందరైతే, ఇంట్లో చంటిపిల్లలను చూసుకునేవారు కొందరు. సరిగ్గా ఆ రోజుల్లోనే నేను కాంతి, ఉష్ణం పాఠాలు చెప్పాను. పేపరులో సగం ప్రశ్నలు వాటినుంచే వచ్చాయి.

అప్పుడు ఇంకొక పట్టిక వేశాను. ఆ రెండు నెలల్లో ఎనిమిది రోజులకు మించి బడికి రానివారు ఒక వరుస, మిగిలినవారు ఇంకొక వరుస.

పట్టిక 3: హాజరు, మార్కులు

మార్కులు : 8 రోజులకు మించి రానివారు : మిగిలినవారు : మొత్తం
20, అంతకు తక్కువ : 13 : 4 : 17
21–30 : 1 : 2 : 3
31, అంతకు ఎక్కువ : 2 : 18 : 20
మొత్తం : 16 : 24 : 40

కింది గుట్టలోని 17 మందిలో 13 మంది, అంటే నూటికి 76 మంది, పాఠం వినే అవకాశమే లేనివారు. పై గుట్టలోని 20 మందిలో అలాంటివారు ఇద్దరు, అంటే నూటికి 10 మంది. గుట్టలలోని సంఖ్యలు సమానంగా లేనప్పుడు ఇలా నూటికి ఎంతో కట్టి పోల్చడమే న్యాయం.

కానీ తొందరపడి 'బడికి రాకపోతే మార్కులు రావు' అని సూత్రం రాసేయకండి. రాకపోయినా మంచి మార్కులు తెచ్చుకున్న ఇద్దరికి ఇంటి దగ్గర పాఠం చెప్పే అక్కలున్నారు. రోజూ వచ్చినా మార్కులు రాని నలుగురిలో ఒకడికి వెనుక బెంచీనుంచి నల్లబల్ల మీది అక్షరాలు కనిపించడం లేదు. ఆ సంగతి నేను పిలిచి అడిగేదాకా వాడు ఎవరికీ చెప్పలేదు. పట్టిక ఎక్కడ వెతకాలో చూపిస్తుంది. వెతకడం మన పని.

దసరా సెలవుల తరువాత ఆ పిల్లలకోసం సాయంత్రం బడి వదిలాక ఒక గంట కాంతి, ఉష్ణం పాఠాలు మళ్ళీ మొదటినుంచి చెప్పాను. అక్షరాలు కనిపించని కుర్రవాణ్ణి ముందు బెంచీకి మార్చి, కళ్ళు పరీక్ష చేయించమని వాళ్ళ నాన్నకు చెప్పాను. అర్ధ సంవత్సర పరీక్ష తరువాత వేసిన పట్టిక ఇది:

పట్టిక 4: బి సెక్షన్, అర్ధ సంవత్సర పరీక్ష

6–10 : 1
11–15 : 2
16–20 : 4
21–25 : 7
26–30 : 6
31–35 : 5
36–40 : 8
41–45 : 4
46–50 : 2
మొత్తం : 39

మధ్య పల్లం పూడుకుంది. సగటు చూస్తే 30, అంటే పెరిగినది మూడు మార్కులే. 20 దాటనివారు మాత్రం 17 నుంచి 7కు తగ్గారు. సగటు ఈసారి కూడా అసలు సంగతి చెప్పలేదు.

నేను సంతోషంగా ఈ కాగితం తీసుకుపోయి లెక్కల మాస్టారికి చూపించాను. ఆయన పట్టిక అంతా వదిలేసి అట్టడుగు అంకె మీద వేలు పెట్టారు. "నలభై ఉండాలి కదా, ముప్పై తొమ్మిది ఏమిటి?"

త్రైమాసికంలో 12 మార్కులు వచ్చిన ఒక అమ్మాయి బడి మానేసింది. వాళ్ళ కుటుంబం పనికోసం వేరే ఊరు వెళ్ళిపోయింది. కింది గుట్టనుంచి తగ్గిన పదిమందిలో ఆమె కూడా ఉంది. నేను దానిని మెరుగుదల కింద లెక్కవేసుకున్నాను!

మీరే లెక్క కట్టి చూడండి. మొదటి పరీక్ష మొత్తం 1080లో ఆమె 12 తీసేస్తే 1068. దానిని 39తో భాగిస్తే దాదాపు 27.4. ఎవరూ ఒక్క అక్షరం కొత్తగా నేర్చుకోకుండానే, ఒక అమ్మాయి బడి మానేసినందుకే సగటు పెరిగింది. ఆ రోజునుంచి ఏ పట్టిక చూసినా నేను మొదట చూసేది అట్టడుగు మొత్తాన్నే. లెక్కలోకి ఎందరు వచ్చారు, రానివారు ఏమయ్యారు అని అడుగుతాను.

మీరూ చేసి చూడండి

మీ తరగతి మార్కులతో ఈ పట్టిక వేయండి. మీ మాస్టారిని అడిగి, పేర్లు లేకుండా మార్కులు మాత్రమే తీసుకోండి. పట్టికకు పేర్లతో పని లేదు. ఎవరికి తక్కువ వచ్చాయో పైకి చదివితే కొందరు తలదించుకోవలసి వస్తుంది. ఎందరికి తక్కువ వచ్చాయో తెలిస్తే ఏం చేయాలో అందరూ కలిసి ఆలోచించవచ్చు.

సోపాన చిత్రం కావాలంటే నేలమీద సుద్దముక్కతో పక్కపక్కన సమానమైన గళ్ళు గీసి, ఒక్కొక్క మార్కుకు ఆ గడిలో ఒక చింతగింజ పెట్టండి. గింజలను ఒకదాని మీదుగా ఒకటి నిలువు వరుసలో పేర్చుతూ పోతే గుట్టలు వాటంతట అవే కనిపిస్తాయి. ఒక గుట్టా, రెండా? శిఖరం ఎక్కడుంది? మీ సగటు ఆ శిఖరం దగ్గర పడిందా, పల్లంలో పడిందా?

ఒక చిన్న లెక్క: బి సెక్షన్ మొదటి జాబితాకు పదేసి మార్కుల గదులతో (1–10, 11–20, 21–30, 31–40, 41–50) పట్టిక వేయండి. రెండు గుట్టలు అప్పుడూ కనిపిస్తాయా?

(జవాబు: 3, 14, 3, 13, 7. మొత్తం 40. రెండు గుట్టలూ కనిపిస్తాయి.)